ఏడో ప్రశ్నకు తగ్గిన మార్కులు

మార్చి ఏడో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు బడి వాలీబాల్ కోచ్‌కు నూటికి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. యాభైకి తగ్గితే కాంట్రాక్టు పొడిగించరు. ఆయన కాంట్రాక్టు ఆ నెల ముప్పై ఒకటితో ముగుస్తుంది.

మార్కుల కాగితాన్ని హెడ్మిస్ట్రెస్ గదికి తెచ్చింది మదింపు అధికారి. ఆమెకు నలభై నాలుగేళ్లు. పన్నెండేళ్లుగా బడుల్లో సర్వేలు చేస్తోంది. పిల్లలు ఆమెను మార్కుల మేడం అంటారు.

కోచ్‌లను గెలుపోటములతో కొలవకూడదని బడుల కమిటీ రెండేళ్ల కిందట తీర్మానించింది. వాళ్ల చేతికింద పిల్లల్లో ఏం మారిందో చూసి కొలవాలంది. అందుకు కావలసిన ఫారం తయారుచేసింది ఈ అధికారే. అందులో ఇరవై ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. పిల్లలు ఎవరికి వాళ్లే వేసుకోవాలి. ఆగస్టులో ఆటలు మొదలైనప్పుడు ఒకసారి, మార్చిలో ముగిసినప్పుడు అవే ప్రశ్నలకు ఇంకోసారి. జట్టు సగటు మారకపోతే కోచ్‌కు యాభై. సగటు పెరిగితే పెరిగినన్ని కలుపుతారు, తగ్గితే తగ్గినన్ని తీసేస్తారు.

వాలీబాల్ జట్టులో పద్నాలుగు మంది అమ్మాయిలు. ఆగస్టు సగటు డెబ్బై ఆరు. మార్చి సగటు అరవై నాలుగు. అదే బడిలో బాస్కెట్‌బాల్ కోచ్‌కు డెబ్బై తొమ్మిది వచ్చాయి.

హెడ్మిస్ట్రెస్ కాగితం చదివి కోచ్‌ను పిలిపించింది. ఆయన మెడలో తాడుంది, తాడుకు విజిల్ లేదు. విజిల్ జేబులో ఉంటుంది.

"కూర్చోండి సార్. ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడాం మనం?"

"పద్నాలుగండి."

"గెలిచినవి?"

"మూడు."

"గెలుపు లెక్క కాదన్నారని నేనెంత సంతోషించానో మీకు తెలుసా? ఈసారి మా వాలీబాల్ సార్‌కి ఢోకా లేదు అనుకున్నాను. ఇప్పుడు చూడండి. గెలుపు లెక్కలో పోయారు, గెలుపు కాని లెక్కలోనూ పోయారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో మా పిల్లలకి పాఠం చెప్పాలంటే మిమ్మల్ని చూపిస్తే చాలు."

కోచ్ కాగితం చూశాడు. రెండోవైపు తిప్పాడు. రెండోవైపు ఏమీ లేదు.

"పిల్లలు రాసిందే కదండీ," అన్నాడు.

"పిల్లలు రాసిందే."

"అయితే సరేనండి."

ఆయన వెళ్లాక హెడ్మిస్ట్రెస్ అధికారి వైపు తిరిగింది. "పదకొండేళ్లుగా చూస్తున్నాను. నోట్లో నాలుక లేని మనిషి. ఏదో తేడా ఉందమ్మా. ఇంకోసారి చూడండి."

అధికారి ఆ సాయంత్రం పద్నాలుగు ఫారాలనూ ప్రశ్నలవారీగా విడదీసింది. అన్నిటికన్నా ఎక్కువ తగ్గింది ఏడో ప్రశ్న. 'నేను చేసిన తప్పును నేనే ఒప్పుకుంటాను.' ఆగస్టులో పదకొండు మంది ఐదు వేసుకున్నారు. మార్చిలో ఐదు వేసుకున్నవాళ్లు లేరు. తొమ్మిది మంది రెండు వేసుకున్నారు.

ఏడో ప్రశ్న పడిపోవడం ఆమె ఇంతకుముందు ఇతర బడుల్లో చూసింది. కోచ్ కొట్టినచోట, బూతులు తిట్టినచోట పిల్లలు తప్పులు దాస్తారు. అక్కడ ఏడో ప్రశ్న పడిపోతుంది. ఆమె సోమవారం బడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

సోమవారం మూడు గంటల నలభై అయిదు నిమిషాలకు ఆమె మైదానం మెట్ల మీద కూర్చుంది. కోర్టులు రెండు పక్కపక్కన ఉన్నాయి. పెద్దదానిలో ఎనిమిది మంది, చిన్నదానిలో ఆరుగురు. కోచ్ ఒక్కడు. ఆయన చిన్న కోర్టులో ఒకమ్మాయి సర్వీసు చూస్తున్నాడు. పెద్ద కోర్టు వైపు ఆయన వీపు ఉంది.

పెద్ద కోర్టులో ఒకమ్మాయి ఎగిరి బంతిని అడ్డుకోబోయింది. బంతి ఆమెను దాటి గీత బయట పడింది. ఆమె చెయ్యెత్తి "నాది" అంది. అంటే బంతి ఆమె వేలికి తగిలి బయటికి పోయింది, పాయింటు అవతలివాళ్లది. అవతలివాళ్లు బంతి తీసుకున్నారు. విజిల్ లేదు, వాదన లేదు. తరవాత ఇంకొకామె చెయ్యెత్తింది. నెట్ తగిలిందట. ఆ తరవాత గీత తొక్కినామె.

అధికారి లెక్క పెట్టింది. నలభై నిమిషాల్లో ముప్పై ఒక్కసారి చేతులు లేచాయి.

కోచ్ ఒక్కసారే ఆట ఆపాడు. ఒకమ్మాయి ఇంకొకామెను చూపించి, "దానికి తగిలింది సార్, చెప్పట్లేదు!" అని అరిచింది.

"కూర్చోండి," అన్నాడు కోచ్. పద్నాలుగు మందీ కింద కూర్చున్నారు. ఒక నిమిషం గడిచింది.

"నీ వేలికి తగిలితే నువ్వు చెప్పు," అన్నాడు. "దాని వేలు దానిది. లేవండి."

ఆట అయ్యాక అమ్మాయిలు సంచుల్లోంచి పుస్తకాలు తీశారు. అందరివీ నలభై పేజీల గీతల పుస్తకాలు. బెంచీ మీద కూర్చుని రాశారు. కోచ్ ఒక్కొక్కటీ చదివి ఆకుపచ్చ పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఇచ్చేశాడు. ఇంకేమీ రాయలేదు. అధికారి ఒక అట్ట మీద చదివింది: 'తప్పుల పుస్తకం'. ఆమె తన నోటుబుక్‌లో ఆ మాట రాసుకుని కింద గీత గీసింది.

ఆమె ఒకమ్మాయిని పక్కకు పిలిచింది. ఎనిమిదో తరగతి, జట్టులో అందరికన్నా పొట్టి. వెనక వరసలో నేలబారు బంతుల్ని లేపడం ఆమె పని. అందరూ బుల్లి అంటారు.

"సార్ తిడతారా?"

"తిడతారు మేడం."

"ఎప్పుడు?"

"షూ లేసు కట్టుకోకపోతే."

"తప్పు చేస్తే?"

"తప్పులకి తిట్టాలంటే సార్‌కి టైమెక్కడిది మేడం? పద్నాలుగు మందిమి."

అధికారి సంచిలోంచి రెండు ఫారాలు తీసింది. "ఏడో ప్రశ్నకి ఆగస్టులో ఐదు వేసుకున్నావు. ఇప్పుడు రెండు. మధ్యలో ఏం జరిగింది? భయపడకుండా చెప్పు."

"ఆగస్టులో నాకు తప్పులు లేవు మేడం."

"లేవా?"

"ఉన్నాయేమో. నాకు కనపడలేదు. ఏడాదికి ఒకటో రెండో కనపడేవి. అవి ఒప్పేసుకునేదాన్ని. అందుకని ఐదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు రోజుకి పది దొరుకుతున్నాయి. నాలుగే రాస్తున్నాను. పదికి నాలుగంటే ఐదుకి రెండు. లెక్క కరెక్టే కదా?"

అధికారి ఆ లెక్క వేసి చూసింది. కరెక్టే.

"మిగతా ఆరూ ఎందుకు రాయవు?"

"సిగ్గు మేడం."

"ఐదు వేసుకుంటే మీ సార్‌కి మంచిదని ఎవరూ చెప్పలేదా?"

"బాస్కెట్‌బాల్ వాళ్లు చెప్పారు. ఫుల్లుగా వేసెయ్యండే అన్నారు. కానీ మాకు రెండే ఉన్నాయి కదా మేడం."

అధికారి నోటుబుక్ తెరిచింది. 'తప్పుల పుస్తకం' కింద గీసిన గీతను చూసింది. ఆ తరవాత ఇంకో ముగ్గురిని పిలిచి అదే ప్రశ్న అడిగింది. లెక్కలు వేరుగా ఉన్నాయి, జవాబు ఒకటే.

కోచ్ నెట్ విప్పుతున్నాడు. ఆమె రెండో కొస పట్టుకుంది.

"చెయ్యెత్తడం మీరు నేర్పారా?"

"నేర్పడమేముందండి. కోర్టులు రెండు, నేనొక్కణ్ణి. ఒకటి చూస్తుంటే రెండోదాంట్లో ఎవరు చూస్తారు? గీత దగ్గర నిలబడే మనిషిని ఇవ్వమని మూడేళ్లు అడిగాను, ఇవ్వలేదు. అందుకని ఈ పద్ధతి పెట్టాను."

"మ్యాచ్‌ల్లో కూడా ఎత్తుతారా?"

"ఎత్తుతారు. నాలుగు మ్యాచ్‌లు అలా పోయాయి."

"వద్దని చెప్పలేదా?"

కోచ్ నెట్‌ను రెండు మడతలు వేశాడు. "ప్రాక్టీసులో ఎత్తమని, మ్యాచ్‌లో దించమని ఎలా చెప్తామండి? గందరగోళపడతారు."

"మార్కులు ఎందుకు తగ్గాయో మీకు తెలుసు. శుక్రవారమే చెప్పొచ్చుగా?"

"నేను చెప్తే నా కోసం చెప్పినట్టుంటుంది."

ఆయన ఇల్లు బడికి నాలుగు బస్‌స్టాపుల దూరం. భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఆ సాయంత్రం ఏడు గంటలకు ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో ఫ్రేముకు మర బిగిస్తోంది. ఇంటికి తెచ్చుకున్న పని. కోచ్ శుక్రవారం నుంచి దాచిన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"ముప్పై ఎనిమిదా?" అంది ఆమె. "ఫరవాలేదే. పెళ్లికి ముందు నేను మీకిచ్చింది ముప్పై అయిదే."

"ఉద్యోగం పోతుందే."

ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. కాగితం మొదటినుంచి చదివింది. "ఈ ఊళ్లో వాలీబాల్ ఉన్న బడి ఇంకెక్కడుంది?"

"లేదు."

"యాభై రెండేళ్లకి ఇంకో ఆట నేర్చుకుంటారా?"

"అదే ఆలోచిస్తున్నా."

బుల్లి అధికారికి ఏం చెప్పిందో ఆయన చెప్పాడు. పిల్ల ఆ మాటలు బస్‌స్టాపులో అందరికీ వినిపించింది. భార్య మళ్లీ ఫ్రేము చేతిలోకి తీసుకుంది.

"మా షాపులోనూ ఇంతే. జోడు పెట్టుకున్న మర్నాడే వస్తారు. ‘ఇదేం అద్దమమ్మా, ఇల్లంతా దుమ్ము కనపడుతోంది’ అంటారు. దుమ్ము మేమమ్మినట్టు." మర బిగించి ఫ్రేమును దీపం ముందు పెట్టి చూసింది. "ఆ మేడంకి ఈ ముక్క చెప్పండి."

"నేను చెప్పను."

"మీరు చెప్పరని నాకు తెలుసులెండి. అందుకే ముప్పై అయిదు."

మంగళవారం అధికారి హెడ్మిస్ట్రెస్‌ను ఒక అనుమతి అడిగింది. పిల్లలతో ఇంకో కాగితం రాయిస్తానంది. అవే ఇరవై ప్రశ్నలు, పైన ఒక్క వాక్యం మాత్రం కొత్తది: 'ఆగస్టులో మీరు ఎలా ఉండేవారో, ఇప్పుడు మీకు తెలిసినదాన్నిబట్టి మార్కులు వేయండి.' తల్లిదండ్రుల సంతకాలు కావాలి. పద్నాలుగు ఇళ్లకూ చీటీలు వెళ్లాయి.

బుల్లి తల్లి సంతకం పెట్టడానికి తనే వచ్చింది. ఆమె బేకరీలో పొద్దుటి షిఫ్టు చేస్తుంది. మోచేతుల దాకా పిండి ఉంది.

"సంతకం పెడతాను గానీ మేడం, ఒక మాట. ఆ సార్‌ని ఉంచండి. కానీ ఆ చెయ్యెత్తడం కొంచెం తగ్గించమనండి."

"ఏమైంది?"

"ఏమవ్వాలి? మొన్న మా ఆయన సోఫాలో పడుకుని ఫోన్లో వాళ్ల మేనేజరుతో ‘దారిలో ఉన్నా సార్, పది నిమిషాలు’ అంటున్నాడు. ఇది ఎదురుగా వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు. ‘నాన్నా, చెయ్యి’ అంది. అంతే."

"మరి ఆయన?"

"ఎత్తాడు మేడం. ఫోన్ పట్టుకున్న చెయ్యే ఎత్తేశాడు. అవతల మేనేజరు హలో హలో అంటున్నాడు." ఆమె కళ్లు తుడుచుకుంది, పిండి చెంపకంటింది. "నవ్వలేక చచ్చాననుకోండి. పోనీ నన్ను వదిలిందా? ఉప్పు ఎక్కువైందని నేనే చెప్పాలట."

బుధవారం పన్నెండో తేదీన పద్నాలుగు మందీ కొత్త కాగితం రాశారు. కోచ్ గదిలో లేడు. ఆగస్టు నాటి తమకు వాళ్లు వేసుకున్న సగటు నలభై అయిదు. ఆగస్టులో రాసింది డెబ్బై ఆరు. నలభై అయిదు నుంచి అరవై నాలుగుకు అంటే పంతొమ్మిది పెరిగినట్టు. ఆ లెక్కన కోచ్‌కు అరవై తొమ్మిది. బాస్కెట్‌బాల్ జట్టు చేత కూడా అధికారి అదే కాగితం రాయించింది. ఆ కోచ్ మార్కు డెబ్బై తొమ్మిది నుంచి డెబ్బై ఆరుకు మారింది.

హెడ్మిస్ట్రెస్ అరవై తొమ్మిదిని చూసి కుర్చీలో వెనక్కి వాలింది. "బతికించారు. ఇక నివేదికలో ‘ప్రత్యేక పరిస్థితి’ అని రాసి ఈ కాగితం జతచేయండి. పామూ చావదు, కర్రా విరగదు."

"ప్రత్యేక పరిస్థితి ఏముందండి ఇక్కడ?"

"అదేమిటమ్మా?"

"ఈ ఫారం ముప్పై ఒక్క బడుల్లో వాడుతున్నాం. తప్పు చూడటం నేర్పిన కోచ్ ఎక్కడున్నా అక్కడ మార్కు పడిపోతుంది. నిరుడు యాభైకి తగ్గారని ఆరుగురిని తీసేశారు."

హెడ్మిస్ట్రెస్ కాసేపు పేపర్‌వెయిట్ తిప్పింది. "ఆ ఆరుగురూ ఇలాంటివాళ్లేనని మీకు తెలుసా?"

"తెలీదు."

"తెలీనప్పుడు ఎందుకు కదపడం? మీ పన్నెండేళ్ల సర్వీసు. ఈ సార్‌ని గట్టెక్కించండి, మీరూ గట్టెక్కండి. నేను మీ మంచికే చెప్తున్నాను."

"తెలుసండి," అంది అధికారి.

కమిటీ మార్చి ఇరవయ్యో తేదీ, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలకు కూర్చుంది. సభ్యులు ఏడుగురు. అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన ఆడిటరు. హెడ్మిస్ట్రెస్ హాజరైంది. కోచ్‌ను పిలవలేదు. అధికారి నివేదిక నాలుగు పేజీలు. అధ్యక్షుడు మొదటి పేజీ చదివి కళ్లజోడు తీశాడు.

"పరీక్ష తప్పినాయనకి ఇంకో పేపరిచ్చి పాస్ చేయించారు. ఇంతేనా అమ్మా?"

"లేదండి. పేపరే తప్పు."

"ఎవరు తయారుచేసిన పేపరు?"

"నేనే."

"ఏమిటి దాంట్లో తప్పు? రెండు వాక్యాల్లో చెప్పండి."

"తనను తాను చూసుకోని పిల్ల ఎక్కువ వేసుకుంటుంది. చూసుకోవడం నేర్చుకున్న పిల్ల తక్కువ వేసుకుంటుంది. దాన్ని నేను కోచ్ వైఫల్యంగా లెక్కగట్టాను."

"మూడయ్యాయి," అన్నాడు అధ్యక్షుడు. సభ్యుల్లో ఒకాయన నవ్వాడు. అధ్యక్షుడు నవ్వలేదు. "ఈ మాటతో నిరుటి ఆరుగురి సంగతేమిటో ఆలోచించారా?"

"నాలుగో పేజీలో వాళ్ల పేర్లున్నాయి. ఆ ఆరు బడులకూ వెళ్లి మళ్లీ చూడాలని రాశాను."

అధ్యక్షుడు నాలుగో పేజీ తీశాడు. ఆరు పేర్ల కింద ఒక వాక్యం ఉంది: 'లోపం ఫారంలో ఉంది. ఫారం తయారుచేసింది నేను.' దాని కింద సంతకం, తేదీ.

"ఇది రాయాల్సిన అవసరం లేదే. ఎవరూ అడగలేదు కదా మిమ్మల్ని."

హెడ్మిస్ట్రెస్ లేచి తనకు మాట్లాడే అవకాశం ఇవ్వమంది. అధ్యక్షుడు ఇచ్చాడు.

"ఇది రాయొద్దని ఆవిడకి చెప్పింది నేను," అంది హెడ్మిస్ట్రెస్. "అది కూడా మినిట్స్‌లో రాసుకోండి." కూర్చుంది.

చర్చ గంటా నలభై నిమిషాలు సాగింది. పిల్లలు తమకు తాము వేసుకునే మార్కులతో పెద్దవాళ్ల ఉద్యోగాలు తేల్చడమే తప్పని ఒక సభ్యురాలు అంది. ఇలా అయితే మళ్లీ గెలుపులు లెక్కపెట్టుకోవడమే సుఖమని ఇంకొకాయన అన్నాడు. అయిదు గంటల అయిదు నిమిషాలకు ఓట్లు తీసుకున్నారు. వాలీబాల్ కోచ్ కాంట్రాక్టు ఏడాది పొడిగించడానికి అనుకూలంగా నాలుగు, వ్యతిరేకంగా మూడు. ఫారాన్ని ముప్పై ఒక్క బడుల్లోనూ ఆపేయడానికి ఏడుకు ఏడు. తీర్మానం ప్రతిని మర్నాడు పొద్దున బడి నోటీసు బోర్డు మీద పెట్టారు. కోచ్ దాన్ని చదివి, సంచిలోంచి నెట్ తీసుకుని మైదానానికి వెళ్లాడు.

ఏప్రిల్ ఒకటి నుంచి అధికారిని హాజరు రికార్డుల విభాగానికి మార్చారు. బదిలీ ఉత్తర్వులో కారణం రాయలేదు. ఆరుగురు పాత కోచ్‌లకూ ఉత్తరాలు వెళ్లాయి. జూన్ ఆఖరికి నలుగురు జవాబిచ్చారు. ఇద్దరు తిరిగి చేరారు. ఒకరి ఉత్తరం చిరునామా మారిందని వెనక్కి వచ్చింది.

తప్పుల పుస్తకంలో మార్చి ఇరవై ఒకటో తేదీ పేజీలో బుల్లి అయిదు తప్పులు రాసింది. మొదటి నాలుగూ ఆటవి. అయిదోది ఇది: 'మార్చి ఫారం రాసేటప్పుడే ఆగస్టులో వేసిన ఐదు తప్పని నాకు తెలిసింది. దాన్ని ఎక్కడ దిద్దాలో మేడంని అడగాలనిపించింది. చెయ్యెత్తలేదు.'

పక్కన ఆకుపచ్చ పెన్సిల్ టిక్కు ఉంది.